భూమిలోని పైపులు, కేబుళ్లను లొకేటర్‌తో గుర్తించడం: తవ్వే ముందు రైతులు తెలుసుకోవాల్సిన విషయాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో కాల్వ నీళ్లు అందని ఊళ్లలో సాగంతా బోర్ల మీదే. ఒక బోరు ఎండితే పక్కన ఇంకొకటి, అదీ ఎండితే గెట్టు దగ్గర మరొకటి వేస్తూ పోవడం వల్ల చాలా పొలాల కింద పాత పైపులు, కొత్త పైపులు, మోటారు కేబుళ్లు, డ్రిప్ మెయిన్ లైన్లు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాటిని వేయించిన తండ్రికి ఏది ఎక్కడుందో తెలుసు. ఈరోజు జేసీబీని పిలిచే కొడుక్కి తెలియదు. వీటికి తోడు తాగునీటి పైపులు, ఫైబర్ కేబుళ్లు, కొన్ని ఊళ్లలో పెట్రోలు, డీజిల్ వెళ్లే ఉక్కు గొట్టాలు కూడా చెలకల కిందుగానే పోతున్నాయి.

బత్తాయి తోట కాయ మీద ఉన్నప్పుడు మెయిన్ లైను తెగితే నష్టం పైపు ముక్క ఖరీదుతో పోదు. కరెంటు కేబుల్ తెగితే ప్రాణానికే ప్రమాదం. అందుకే కొత్త కాల్వ తవ్వించేటప్పుడు, తోట తీసి చదును చేయించేటప్పుడు, ఫారం పాండ్ తవ్వేటప్పుడు, సబ్‌సాయిలర్ వేయించేటప్పుడు కొంతమంది రైతులు పైప్ లొకేటర్ ఉన్నవారిని పిలిపిస్తున్నారు. మంచిదే. కానీ ఈ యంత్రం దేన్ని చూపుతుందో, దేన్ని చూపలేదో తెలియకుండా దాన్ని నమ్మి బకెట్ దించడం, యంత్రమే లేకుండా తవ్వడం కంటే ప్రమాదకరం. యంత్రం లేనప్పుడు కనీసం భయంతోనైనా తవ్వుతాం.

యంత్రం దేన్ని పట్టుకుంటుంది

లొకేటర్ పైపును చూడదు. పైపులోనో, తీగలోనో పారే కరెంటు చుట్టూ ఏర్పడే అయస్కాంత క్షేత్రాన్ని మాత్రమే పట్టుకుంటుంది. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతా విషయాలన్నీ సులువుగా అర్థమవుతాయి.

యంత్రంలో రెండు భాగాలుంటాయి. ఒకటి ట్రాన్స్‌మీటర్. ఇది పైపులోకో, కేబుల్‌లోకో ఒక ప్రత్యేకమైన సిగ్నల్ పంపుతుంది. రెండోది చేతిలో పట్టుకుని నడిచే రిసీవర్. సిగ్నల్ పారుతున్న లైను మీదికి రాగానే దీని శబ్దం పెరుగుతుంది, తెర మీద అంకె పెరుగుతుంది. సిగ్నల్ పారాలంటే లైను లోహంతో చేసినదై ఉండాలి. ఇనుము, జీఐ, ఉక్కు పైపులు, రాగి, అల్యూమినియం తీగలు దొరుకుతాయి. పీవీసీ, హెచ్‌డీపీఈ, సిమెంటు పైపులు, లోహపు కవచం లేని ఫైబర్ కేబుల్ దొరకవు. మన పొలాల్లో వేసేది ఎక్కువగా పీవీసీయే కాబట్టి, యంత్రం మోగలేదంటే అక్కడ లోహపు లైను కనబడలేదని అర్థమే తప్ప నేల కింద ఏమీ లేదని కాదు.

ఇంకో పొరపాటు కూడా జరుగుతోంది. బోరు పాయింటు చూసేందుకు భూగర్భ జల నిపుణులు నాలుగు కడ్డీలు పాతి కొలిచే యంత్రం వేరు. అది నేల పొరల విద్యుత్ నిరోధాన్ని కొలుస్తుంది, పైపులను చూపదు. అలాగే లొకేటర్ నీటి జలను చూపదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే మెటల్ డిటెక్టర్ జానెడు లోతులోని ఇనుప ముక్కను చూపొచ్చు గానీ, మూడడుగుల లోతులోని పైపు వెంట నడిపించలేదు. ఇక కొబ్బరికాయ, వేపపుల్ల, వంచిన ఇనుప కడ్డీలు పట్టుకుని పైపులు చెబుతామనేవారి సంగతి: జల కోసం వారిని నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. కరెంటు కేబుల్ విషయంలో మాత్రం వారి మాట మీద గడ్డపార దించవద్దు.

యంత్రానికంటే ముందు అడగాల్సినవారు

పొలం మొత్తం యంత్రంతో వెతకడం ఖర్చు, ఆలస్యం. ముందు ఆ కాల్వ తవ్విన కూలీలను, పైపు అతికిన మేస్త్రీని, పాత మోటారు మెకానిక్‌ను పొలానికి తీసుకెళ్లి అడగండి. గేట్ వాల్వులు, ఎయిర్ వాల్వులు, మూసేసిన బోర్లు, స్టార్టర్ డబ్బాలు ఉన్నచోటల్లా సున్నంతో గుర్తు పెట్టండి. పైపు ఏదైనా వీటిలో రెండింటిని కలుపుతూనే పోతుంది. రాతి నేలల్లో పైపు కాల్వ పూడ్చినచోట మట్టి లోతుగా, గుల్లగా ఉంటుంది. వాన తర్వాత అక్కడ సన్నగా కుంగి కనిపిస్తుంది, బెట్ట రోజుల్లో ఆ వరుసలో గడ్డి ఎక్కువసేపు పచ్చగా ఉంటుంది. ఇవి ఆధారాలే తప్ప రుజువులు కావు.

మీవి కాని లైన్ల గురించి సంబంధిత శాఖలనే అడగాలి. 2016 ఆగస్టులో గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ పైపులు ఈ రెండు ప్రాంతాల్లో అనేకచోట్ల పొలాల పక్కగా, కొన్నిచోట్ల పొలాల మీదుగా పోతాయి. అవి తెగితే మీ ఊరితో పాటు పక్క ఊళ్లకూ తాగునీరు ఆగుతుంది. ఫ్లోరైడ్ వల్ల దశాబ్దాలుగా ఇబ్బంది పడ్డ నల్లగొండ పల్లెల్లో ఒక్కరోజు నీళ్లు ఆగినా జనం మళ్లీ బోరు నీళ్లే తాగాల్సి వస్తుంది. తవ్వే ముందు మండలంలోని మిషన్ భగీరథ ఏఈని కలిసి లైను ఎటు పోతుందో అడగండి. ఆ పైపుల్లో ఉక్కు, డీఐ, హెచ్‌డీపీఈ అన్నీ ఉన్నాయి. ఏ రకమో తెలిస్తేనే యంత్రం పనికొస్తుందో లేదో చెప్పగలం. నాగార్జునసాగర్ వైపు ఉన్న రైతులు కోదండాపురం నుంచి హైదరాబాద్‌కు కృష్ణా నీళ్లు తీసుకెళ్లే పెద్ద పైపులను కూడా దృష్టిలో పెట్టుకోవాలి.

పెట్రోలియం, గ్యాస్ లైన్ల సంగతి వేరు. విశాఖపట్నం నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు వెళ్లే పెట్రోలియం పైపులైను ఉమ్మడి నల్లగొండ జిల్లా గుండా పోతుంది. కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్‌కు వెళ్లే గ్యాస్ లైను కూడా తెలంగాణ మీదుగానే సాగుతుంది. 1962 నాటి పెట్రోలియం, ఖనిజ పైపులైన్ల చట్టం ప్రకారం ఆ పట్టాలో భూమి మీదే, సాగు చేసుకోవచ్చు. కానీ ఇల్లు కట్టకూడదు, బావి, చెరువు లాంటివి తవ్వకూడదు, చెట్లు నాటకూడదు. ఆ దారిలో గుర్తు స్తంభాలు, వాటి మీద కంపెనీ ఫోన్ నంబరు ఉంటాయి. వారికి ఫోన్ చేస్తే వారి సిబ్బందే వచ్చి లైను చూపిస్తారు. ఆ పైపుకు మీ ట్రాన్స్‌మీటర్ తగిలించే ప్రయత్నం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయవద్దు. 2014 జూన్ 27న తూర్పు గోదావరి జిల్లా నగరంలో గ్యాస్ లైను పేలి ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి, ఎందరో చనిపోయారు. అది తవ్వకం వల్ల జరిగిన ప్రమాదం కాదు. కానీ లీకైన గ్యాస్ ఎంత పని చేస్తుందో అక్కడ అందరూ చూశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. లైను వేసిన రోజున మీటరుకు పైగా మట్టి కప్పి ఉండొచ్చు. ఆ తర్వాత వాలు చెలకను జేసీబీతో చదును చేయించి ఉంటే, ఎత్తు వైపు మట్టి తీసేసినంత మేర పైపు పైకి వచ్చినట్టే. పాత కాగితాల్లోని లోతు ఈనాటి లోతు కాదు.

ఫైబర్, టెలిఫోన్ కేబుళ్ల కోసం కేంద్ర టెలికం శాఖ 2023 మార్చి 22న 'కాల్ బిఫోర్ యు డిగ్' అనే యాప్ ప్రారంభించింది. తవ్వబోయే చోటు అందులో నమోదు చేస్తే అక్కడ లైన్లున్న సంస్థలకు సమాచారం వెళ్తుంది. తెలంగాణలో మిషన్ భగీరథ కాల్వల్లోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు కాబట్టి నీటి పైపు ఉన్నచోట ఫైబర్ కూడా ఉండొచ్చని అనుకునే తవ్వాలి.

యంత్రాన్ని వాడే పద్ధతి

అన్నిటికంటే నమ్మదగినది నేరుగా తగిలించే పద్ధతి. జీఐ పైపు లేదా ఇనుప గేట్ వాల్వు మీద తుప్పు, రంగు గీకేసి ట్రాన్స్‌మీటర్ ఎర్ర తీగ క్లిప్పు తగిలించాలి. నల్ల తీగను ఎర్త్ కడ్డీకి కట్టి, పైపు పోయే దిశకు అడ్డంగా వీలైనంత దూరంలో పాతాలి. ఆ తీగ ఇంకో లైను మీదుగా పోకూడదు. కడ్డీకి బదులు కంచె తీగకో, వేరే పైపుకో ఎర్త్ ఇస్తే సిగ్నల్ వాటిలోకి వెళ్లి తప్పు లైను చూపిస్తుంది.

మన దగ్గర పని చెడిపోయేది ఎక్కువగా ఈ ఎర్త్ కడ్డీ దగ్గరే. తవ్వకాలన్నీ మృగశిరకు ముందు పూర్తి చేయాలని చూస్తాం. రోహిణి కార్తె ఎండలకు ఎర్ర చెలక, మొరం రాయిలా ఎండి ఉంటాయి. ఎండిన నేల కరెంటును సరిగా పోనివ్వదు. కడ్డీని రెండడుగులు దింపి, చుట్టూ గుంత చేసి, బిందెడు ఉప్పు నీళ్లు పోసి కాసేపు ఆగండి. ట్రాన్స్‌మీటర్ తెర మీద కరెంటు అంకె పెరగడం మీకే కనిపిస్తుంది. కింద రాయి తగిలితే గెట్టు నీడనో, నీళ్లు పారే చోటో చూసి పాతండి. నల్లరేగడిలో ఎర్త్ బాగా దొరుకుతుంది గానీ, తడి రేగడిలో ఉన్న ఉత్త జీఐ పైపు నుంచి సిగ్నల్ మట్టిలోకి తొందరగా కారిపోతుంది. అందుకే అక్కడ ఎక్కువ దూరం పోలేరు, ట్రాన్స్‌మీటర్‌ను జరుపుకుంటూ పోవాలి.

ఫ్రీక్వెన్సీ ఎంపికను యంత్రం తెచ్చిన వ్యక్తికి వదిలేయకుండా అడగండి. 512 హెర్ట్జ్, 8 కిలోహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీలు ఎక్కువ దూరం పోతాయి, పక్క లైన్లలోకి తక్కువగా దూకుతాయి. 33, 65, 83 కిలోహెర్ట్జ్ లాంటివి పక్కవాటిలోకి సులువుగా దూకుతాయి. కానీ రబ్బరు రింగులతో అతికిన డీఐ పైపులో ప్రతి జాయింటు దగ్గరా లోహం తెగి ఉంటుంది కాబట్టి ఆ రింగును దాటడానికి ఎక్కువ ఫ్రీక్వెన్సీయే కావాలి. తక్కువతో మొదలుపెట్టి, సిగ్నల్ అందకపోతేనే పెంచడం మంచిది.

తగిలించడానికి ఏ చివరా దొరకనప్పుడు ట్రాన్స్‌మీటర్‌ను నేల మీద పెట్టి, తీగ లేకుండానే సిగ్నల్ పంపొచ్చు. అప్పుడు రిసీవర్‌ను దానికి కనీసం పదిహేను మీటర్ల దూరంలో ఉంచాలి. దగ్గరగా ఉంటే గాలిలో నుంచి వచ్చే సిగ్నల్‌నే పైపు అనుకుంటారు. ఏమున్నదో అసలు తెలియని పొలంలో ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు ట్రాన్స్‌మీటర్, ఒకరు రిసీవర్ పట్టుకుని, అంతే దూరం పాటిస్తూ పక్కపక్కనే పొలాన్ని తూర్పు పడమరలుగా ఒకసారి, ఉత్తర దక్షిణాలుగా ఒకసారి దాటాలి. ఒక్క దిశలోనే నడిస్తే, మీరు నడిచే దారికి సమాంతరంగా పోయే లైనును దాటరు కాబట్టి అది తప్పిపోతుంది.

సిగ్నల్ దొరికాక శబ్దం అత్యధికంగా ఉన్నచోట గుర్తు పెట్టి, తర్వాత శబ్దం పూర్తిగా తగ్గే 'నల్' పద్ధతిలోకి మార్చి మళ్లీ చూడాలి. రెండు గుర్తులూ ఒకేచోట పడితే లైను అక్కడే. జానెడుకు మించి తేడా వస్తే పక్కన ఇంకో లైనో, కంచె తీగో సిగ్నల్‌ను లాగుతోందని అర్థం. అడవి పందుల కోసం గెట్టు పొడవునా కట్టిన తీగ, పందిరి తోటల ఇనుప స్తంభాలు, పైన పోయే కరెంటు లైను ఇలా మోసం చేస్తాయి. ఏదైనా కంచెకు కరెంటు ఉందేమో ముందే కనుక్కోండి. పందుల కోసం కంచెకు నేరుగా కరెంటు పెట్టడం నేరం, మనుషులు చచ్చిపోతున్నారు. అలాంటి తీగ పక్కన యంత్రంతో నడవడం కూడా ప్రమాదమే.

లోతును తెర మీద అంకెతో వదిలేయకుండా చేతితో సరిచూసుకోవచ్చు. నల్ పద్ధతిలో రిసీవర్‌ను నేలకు ఆనించి 45 డిగ్రీలు వంచి, లైను గుర్తు నుంచి పక్కకు జరుగుతూ పోతే ఒకచోట శబ్దం ఆగిపోతుంది. గుర్తు నుంచి అక్కడికి ఎంత దూరమో లైను అంత లోతులో ఉన్నట్టు. రెండో వైపు కూడా ఇలాగే కొలవాలి. రెండు కొలతలు కలవకపోతే ఆ లోతును నమ్మవద్దు. పైగా యంత్రం చూపేది పైపు మధ్య భాగం లోతు. పెద్ద పైపు అయితే దాని పైభాగం అంతకంటే చాలా ముందే తగులుతుంది.

పీవీసీ పైపును పట్టుకోవడం ఎలా

పైపు దానంతటది సిగ్నల్ ఇవ్వదు కాబట్టి లోపలికి సిగ్నల్ పంపాలి. వేలంత పొడవున్న చిన్న ట్రాన్స్‌మీటర్లు దొరుకుతాయి, వాటిని 'సోండ్' అంటారు. మోటారు ఆపి, పైపులో నీళ్లు తీసేసి, గేట్ వాల్వు విప్పిన చోటు నుంచి ఫైబర్ కడ్డీ చివర సోండ్ కట్టి లోపలికి తోస్తూ, పైన రిసీవర్‌తో దాని వెంట నడుస్తారు. రాగి తీగలు పొదిగిన ఫైబర్ కడ్డీలు కూడా ఉన్నాయి, వాటితో కడ్డీ పొడవు మొత్తం కనిపిస్తుంది. 63, 75, 90 మిల్లీమీటర్ల పైపుల్లో ఇది బాగానే పోతుంది. చిక్కల్లా 90 డిగ్రీల ఎల్బోల దగ్గర వస్తుంది. కడ్డీ అక్కడ ఆగిపోతే ఆ చోటు గుర్తించి, తవ్వి, విప్పి మళ్లీ మొదలుపెట్టాలి. సోండ్‌కు ముందూ వెనకా రెండుచోట్ల చిన్న శబ్దాలు వస్తాయి. మధ్యలో వచ్చే పెద్ద శబ్దమే అసలుది.

రాడార్ యంత్రంతో పీవీసీ కూడా కనబడుతుందని చెబుతారు. పొడి ఇసుక నేలలో నిజమే. తడి నల్లరేగడిలో రాడార్ తరంగాలు లోతుకు పోవు. గుండ్లు, బండలు నిండిన మన మొరం నేలల్లో ప్రతి గుండూ పైపులాగే కనిపిస్తుంది. ఆ ఖర్చుకు రెండుచోట్ల చేతితో గుంత తవ్వించి చూడటమే మేలు.

మోటారు కేబుల్: ఇక్కడ తొందర వద్దు

యంత్రంలో 'పవర్' అనే పద్ధతి ఉంటుంది. ట్రాన్స్‌మీటర్ లేకుండానే 50 హెర్ట్జ్ కరెంటును పట్టుకుంటుంది. దీన్ని నమ్మి చాలామంది మోసపోతారు. మోటారు ఆగి ఉంటే కేబుల్‌లో కరెంటు పారదు, సిగ్నల్ రాదు. మోటారు నడుస్తున్నా త్రీ ఫేజ్ కేబుల్‌లోని మూడు కోర్ల కరెంటు ఒకదాన్నొకటి దాదాపుగా రద్దు చేసుకుంటుంది. అంటే నిండా కరెంటు ఉన్న కేబుల్ మీద కూడా యంత్రం మౌనంగా ఉండొచ్చు.

కాబట్టి కేబుల్‌ను సరఫరా తీసేసి, సిగ్నల్ పంపి వెతకాలి. ఈ పని ఎలక్ట్రీషియన్‌తోనే చేయించండి. ఆటో స్టార్టర్ ఉన్న బోరు దగ్గర స్విచ్చి ఆపడం చాలదు, కరెంటు రాగానే మోటారు దానంతటదే మొదలవుతుంది. మూడు ఫ్యూజులూ తీసి జేబులో పెట్టుకోవాలి. కెపాసిటర్ ఉంటే అందులో మిగిలిన చార్జ్ పోగొట్టాలి. టెస్టర్‌తో మూడు తీగలూ చూసిన తర్వాతే కేబుల్‌ను రెండు చివరలా విప్పి, ఒక చివర ట్రాన్స్‌మీటర్, రెండో చివర ఎర్త్ కడ్డీ తగిలించాలి. కేబుల్ మధ్యలో ఎక్కడో కాలిపోయి ఎర్త్ అవుతుంటే, ఇదే యంత్రానికి ఇంగ్లిషు 'ఏ' అక్షరం ఆకారంలో ఉండే రెండు కాళ్ల ఫ్రేము తగిలించి ఆ చోటును కూడా కనుక్కోవచ్చు. కేబుల్ మొత్తం పీకి పారేయనక్కర్లేదు.

తవ్వేటప్పుడు

గుర్తుకు అటూ ఇటూ రెండడుగుల లోపల జేసీబీ బకెట్ దించవద్దు. ముందు ఒకటి రెండుచోట్ల పారతో అడ్డంగా చిన్న గుంత తీసి, లైనును కళ్లతో చూసిన తర్వాతే మిగతాది తవ్వించండి. గడ్డపారతో పొడవవద్దు, పక్క నుంచి మట్టి లాగాలి. జేసీబీ డ్రైవర్‌కు గంట లెక్కన డబ్బు కాబట్టి అతనికి తొందర ఉంటుంది. గుంతలు అతను రాకముందు రోజే తీయించి పెట్టుకోండి.

కేబుల్ తెగి మెరుపు వస్తే ఎవరూ జేసీబీని తాకకూడదు, దగ్గరికి వెళ్లకూడదు. కరెంటు తీశారని తేలేవరకు డ్రైవర్ క్యాబిన్‌లోనే కూర్చోవాలి. విద్యుత్ సంస్థ 1912 నంబరుకు ఫోన్ చేయాలి. పెట్రోలు, గ్యాస్ వాసన వస్తే ఇంజిన్ ఆపి, గాలికి ఎదురుగా దూరంగా వెళ్లి, అక్కడి నుంచి కంపెనీకి ఫోన్ చేయండి. బీడీ, మోటార్‌సైకిల్ స్టార్టు ఏదీ ఆ దగ్గర ఉండకూడదు.

మంచి లొకేటర్ ధర లక్షల్లో ఉంటుంది, ఒక రైతు కొనాల్సిన వస్తువు కాదు. పిలిపించే ముందు సోండ్ ఉందా, ఎర్త్ కడ్డీ తెస్తున్నారా, లోతు కూడా చెబుతారా అని అడగండి. వచ్చాక, ఎక్కడుందో మీకు ముందే తెలిసిన ఒక జీఐ పైపు మీద యంత్రాన్ని చూపించమనండి. దాన్ని సరిగా పట్టుకుంటే మిగతా పని అప్పగించండి.

కొత్తగా పీవీసీ వేస్తుంటే

ఈ కష్టమంతా లేకుండా చేసే పని కాల్వ తెరిచి ఉన్నరోజు చాలా చవక. పైపు పక్కన, దానికి చుట్టకుండా, ఇన్సులేషన్ ఉన్న ఒంటి రాగి తీగను పొడవునా వేయండి. అతుకులకు నీళ్లు తగలకుండా టేపు గట్టిగా చుట్టండి. ఒక చివరను గేట్ వాల్వు దగ్గర చిన్న పీవీసీ ముక్కలో పైకి తెచ్చి మూత పెట్టండి. రెండో చివర ఇన్సులేషన్ తీసి మట్టిలో ఎర్త్ చేయండి. రాబోయే రోజుల్లో ఎవరైనా ఆ తీగకు ట్రాన్స్‌మీటర్ తగిలిస్తే పీవీసీ పైపు దారి మొత్తం జీఐ పైపులాగే పలుకుతుంది. పైపు పైన అడుగు ఎత్తులో రంగు ప్లాస్టిక్ పట్టీ పరిస్తే, తవ్వేవారికి పైపు కంటే ముందు పట్టీ కనిపిస్తుంది.

పూడ్చే ముందు ఫోన్‌లో ఫొటోలు తీయండి. కానీ ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్ల తేడా చూపుతుంది కాబట్టి దానితో సరిపెట్టుకోకుండా, హద్దురాయి నుంచి, కరెంటు స్తంభం నుంచి టేపుతో కొలిచి ప్రతి మలుపు దూరాన్ని ఒక కాగితం మీద రాసి పట్టాదారు పాసుపుస్తకంతో పాటు దాచండి. కాల్వ పూడ్చాక తీగ రెండు చివరల మధ్య కరెంటు పోతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించి చూడండి. పూడ్చేటప్పుడు రాయి పడి తీగ తెగి ఉంటే ఆ మట్టి గుల్లగా ఉన్నప్పుడే సరిచేసుకోవచ్చు.